అట్టతో ఆరడుగుల గూడబాతు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో కాలేజీ పిల్లల చేత పెద్ద అట్ట బొమ్మలు కట్టించడం నా పని. యువజనోత్సవాలప్పుడు గేటు దగ్గరో స్టేజీ పక్కనో మనిషిని మించిన ఎత్తులో నిలబెడతారే, అవి. తేలినీలాపురం పక్షుల కేంద్రం మన టెక్కలి దగ్గరే ఉంది కాబట్టి ఎక్కువమంది అడిగేది పెలికాన్ పక్షి, అదే గూడబాతు. లేదంటే పెయింటెడ్ స్టార్క్ కొంగ. బొమ్మ ఏదైనా కమిటీ వాళ్ళ నోట, తల్లిదండ్రుల నోట కొన్ని మాటలు మారకుండా వినిపిస్తుంటాయి.

అపోహ: అట్టకు బలం ఉండదు. లోపల ఇనుప ఫ్రేము పెట్టాల్సిందే.

అరచేతి వెడల్పు అట్టముక్కలు రెండు కోయించండి. ఒకదాంట్లో లోపలి అలలు, అంటే పై కాగితాల మధ్య ముడతలుగా ఉండే పొర, నిలువుగా రావాలి, రెండోదాంట్లో అడ్డంగా. రెండింటినీ బల్ల మీద నిలబెట్టి పైనుంచి చేత్తో నొక్కమనండి. అడ్డంగా ఉన్నది వెంటనే చతికిలబడుతుంది. నిలువుగా ఉన్నది చెయ్యి నొప్పెట్టేదాకా మొండికేస్తుంది. అట్ట అదే, మందం అదే, తిప్పి కోయడంలోనే తేడా అంతా. పిల్లలకు మొదటిరోజు నేను చేయించే పని ఇదొక్కటే. బరువు మోసే ప్రతి ముక్కలోనూ అలలు నేల నుంచి పైకి పోవాలి. వంపు తిరగాల్సిన చోట, అంటే గూడబాతు పొట్ట, మెడ దగ్గర, వంపు ఎటు తిరుగుతుందో దానికి అడ్డంగా అలలు రావాలి. అప్పుడు అట్ట చాపలా చుట్టుకుంటుంది, విరగదు. మెడ మరీ గుండ్రంగా కావాలంటే లోపలివైపు పై కాగితాన్ని మాత్రం అరంగుళానికి ఒక గీత చొప్పున కోసి వంచుతాం. కత్తి అవతలివైపు కాగితం దాకా దిగకూడదు.

అస్థిపంజరం కూడా అట్టదే. పక్షిని అడ్డంగా, నిలువుగా ముక్కలు కోసినట్టు ఊహించుకుని, ఒక్కో ముక్క ఆకారంలో అయిదు ప్లై, అంటే అయిదు కాగితం పొరలున్న అట్టతో పక్కటెముకలు కోసి, సగం సగం గాడి పెట్టి ఒకదాంట్లో ఒకటి దూరుస్తాం. గాడి వెడల్పు అట్ట మందానికి సరిగ్గా సరిపోవాలి. వదులైతే బొమ్మ మొత్తం ఊగుతుంది, అప్పుడు ఎంత జిగురు పోసినా లాభం లేదు. ఇంకా గట్టిగా కావాలంటే రెండు మూడు అట్టలు ఒకదాని మీద ఒకటి అతికించాలి, ఒక పొర అలలు నిలువు, తర్వాతి పొర అడ్డం. అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ 1972లో ఈ పొరల పద్ధతిలోనే అట్టతో కుర్చీ చేశాడు, మనుషులు నిక్షేపంగా కూర్చున్నారు. జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ 2001 భూకంపం తర్వాత మన గుజరాత్‌లోని భుజ్‌లో కాగితపు గొట్టాలతో ఇళ్ళే నిలబెట్టాడు.

ఇనుము అస్సలు వద్దని నేననను. పెయింటెడ్ స్టార్క్ కాళ్ళు పొడుగ్గా, పుల్లల్లా ఉంటాయి. వాటిలో వెదురు బద్దో, సన్న పైపో పెట్టక తప్పదు. అందుకే మొదటిసారి కట్టేవాళ్ళకు కొంగ వద్దంటాను. గూడబాతుకు కాళ్ళు పొట్టి, ఒళ్ళు పెద్దది. నేలకు ఆనుకుని కూర్చోబెట్టినా అందంగానే ఉంటుంది.

అపోహ: వాన లేకపోతే చాలు, రాత్రి గ్రౌండ్‌లో వదిలేయొచ్చు.

జాతీయ యువజన దినోత్సవం జనవరి 12న. దానికి ముందు జరిగే కార్యక్రమాలన్నీ చలికాలంలోనే కదా. మన దగ్గర ఆ రోజుల్లో తెల్లవారుజామున మంచు ఎలా కురుస్తుందో బండి సీటు తుడుచుకునేవాళ్ళందరికీ తెలుసు. కాగితం గాల్లోని తేమను పీల్చేస్తుంది. గాల్లో తేమ 90 శాతం దాకా పోతే, మామూలు పొడి వాతావరణంలో అట్టపెట్టె మోసే బరువులో దాదాపు సగమే మోస్తుంది. బొమ్మ తడిసినట్టు కనిపించదు, ముట్టుకుంటే కాస్త మెత్తగా తగులుతుంది, అంతే. పొద్దున్నే వచ్చిన పిల్లలు "మాస్టారూ, ఇదేటి ఇలా ఒరిగిపోనాది?" అంటారు. ముక్కు బరువుకు మెడ దిగిపోయి ఉంటుంది. గూడబాతుకు అంత ముక్కు, దానికింద సంచీ, బరువంతా ముందుకే మరి.

రాత్రికి లోపల పెట్టే వీలుంటే పెట్టండి. లేకపోతే పైన టార్పాలిన్ కప్పండి, కానీ కింద గాలి ఆడనివ్వాలి. నేల వరకూ బిగించి కడితే లోపల చెమ్మ పట్టి ఇంకా చెడుతుంది. బొమ్మ అడుగు నేలకు తగలకుండా కింద ఇటుకలో, చెక్క పలకలో పెట్టండి.

అపోహ: పెయింట్ వేశాం కాబట్టి నీళ్ళు దిగవు.

పెయింట్ వేసేది పైన. నీళ్ళు దిగేది అంచుల్లోంచి. కోసిన అంచు దగ్గర అలల గొట్టాలు తెరుచుకుని ఉంటాయి, అక్కణ్ణుంచి తడి లోపలికి పాకుతుంది. అంచులన్నిటికీ పాత న్యూస్‌పేపర్ పట్టీలు మైదా జిగురుతో అతికించి, ఆరాక రంగు వేయాలి. ఇంకో సంగతి, ఒక్కవైపే రంగు పూస్తే అట్ట అటో ఇటో వంకర తిరుగుతుంది. వెనకవైపు కూడా ఒక పల్చటి పూత పడాలి. మైదా జిగురులో బుక్ బైండింగ్ వాళ్ళు వేసినట్టు చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు, బూజు పట్టవు. అది విషం, కాబట్టి కలిపే పని పెద్దవాళ్ళదే. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి పోకూడదు.

అపోహ: ఇంత బరువున్నది గాలికి ఎందుకు పడుతుంది?

బరువు ఎక్కడుంది? ఆరడుగుల గూడబాతు లోపలంతా డొల్లే, చాలావరకు ఇరవై కిలోలు కూడా తూగదు. గాలి లెక్క వేరు. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న చదునైన అట్టను చదరపు మీటరుకు సుమారు 2 కిలోల బరువుతో నెడుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది, అంటే 40 కిలోమీటర్లకు దాదాపు 8 కిలోలు. పక్షి ఒక పక్క రెండు చదరపు మీటర్లుంటే ఆ తోపు దాని సొంత బరువు దరిదాపుల్లోకి వస్తుంది. తిత్లీ తుపాను చూసిన జిల్లాకు గాలి గురించి నేను చెప్పాలా అనిపిస్తుంది గానీ, బొమ్మ పడటానికి తుపాను అక్కర్లేదు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి లేచే గాలి చాలు.

పీఠం వెడల్పు కనీసం ఎత్తులో సగమైనా ఉండాలి. లోపల అడుగున ఇసుక సంచులు పెట్టాలి, పైన కాదు. రెక్కలు చాపిన భంగిమ వద్దు. ఫొటోకు బాగుంటుందని కమిటీ వాళ్ళు పట్టుబడతారు, కానీ ఆ రెక్కలే తెరచాపలవుతాయి. సెల్ఫీల కోసం ఆనుకునేవాళ్ళు, ఎక్కే చిన్నపిల్లలు ఎలాగూ ఉంటారు కాబట్టి చుట్టూ తాడు కట్టి ఒక వాలంటీర్‌ను నిలబెట్టండి. దీపాలు, హేలోజన్ లైట్లు, టపాసులు దగ్గరికి రానివ్వకండి. అట్ట అంటుకుంటే ఆపడం కష్టం.

అపోహ: కొత్త బ్లేడు పిల్లల చేతికిస్తే ప్రమాదం.

మొద్దు బ్లేడే ప్రమాదం. కోయడానికి బలం పెట్టాలి, బలం పెడితే జారుతుంది. పైగా అలలు నలిగిపోయి ఆ అంచు బలం పోతుంది. విరిచే కట్టర్ బ్లేడు వాడండి, మొన అరిగినప్పుడల్లా ఆ ముక్క విరిచి కొత్తది తీయండి, విరిచిన ముక్కల్ని ఒక డబ్బాలో వేయండి. అయిదు ప్లై అట్టను ఒక్క దెబ్బకు కోయాలని చూడకూడదు, అదే గీత మీద రెండు మూడుసార్లు పోనివ్వాలి. చెయ్యి ఎప్పుడూ బ్లేడు వెనకే ఉండాలి.

అపోహ: ఎంత టేపు చుడితే అంత గట్టి.

బ్రౌన్ టేపు మీద రంగు నిలవదు, దుమ్ము పడ్డ అట్టకు టేపే నిలవదు. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పూసి బరువు పెట్టి ఒక రోజు ఆరనిస్తే, తర్వాత విడదీయబోతే కాగితం చిరుగుతుంది గానీ అతుకు ఊడదు. గ్లూ గన్ తొందర పనికి, ముక్క కదలకుండా పట్టి ఉంచడానికి. ఎండాకాలం క్యాంపుల్లో మాత్రం నల్ల రంగు వేసిన చోట గ్లూ గన్ అతుకుల్ని నమ్మకండి, ఎండకు మెత్తబడతాయి.

అపోహ: అట్ట ఊరికే వస్తుంది, ఖర్చేముంది?

ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల షాపుల్లో అడిగి చూడండి. ఖాళీ పెట్టెలు వాళ్ళు కిలోల లెక్కన అమ్ముకుంటారు. ముందే మాట్లాడుకుంటే ఫ్రిజ్ పెట్టెలు పక్కన పెడతారు. అసలు ఖర్చు బండి. టాటా ఏస్ తొట్టె ఏడడుగుల పొడవు, అయిదడుగులకు కాస్త తక్కువ వెడల్పు. దానికి తగ్గట్టు బొమ్మను ముందే భాగాలుగా డిజైన్ చేయాలి. తల, ఒళ్ళు, పీఠం విడివిడిగా చేసి గ్రౌండ్‌లో కలపాలి. అంతకంటే ముందు మీ వర్క్‌షాప్ గది తలుపు కొలవండి. అటూ ఇటూ చూసి చివరికి గోడ పగలగొడదామా అనేదాకా వెళ్ళినవాళ్ళున్నారు.

అపోహ: అట్ట కాబట్టి పర్యావరణానికి మంచిదే.

కాగితం, మైదా, పల్చటి రంగుతో కట్టినదైతే పాత పేపర్లు కొనేవాళ్ళు తీసుకుంటారు. దాని మీద గ్లిట్టర్, థర్మోకోల్ కళ్ళు, మీటర్ల కొద్దీ ప్లాస్టిక్ టేపు ఉంటే ఎవరూ ముట్టుకోరు. ఫంక్షన్ అయిన మర్నాడు విప్పడానికి ఒక పూట పని కూడా ముందే ప్లాన్‌లో రాసుకోండి. బైండింగ్ వైర్లు, బద్దలు, ఇసుక సంచులు తీసి దాచుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తాయి. పొడిగా ఉన్న పక్కటెముకల్ని చదునుగా పేర్చి కట్ట కట్టి, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో నంబరు వేసి పెడితే, తర్వాతి బ్యాచ్ పిల్లలకు మళ్ళీ మొదటి నుంచి కొలతలు తీసే పని తప్పుతుంది.