రాజుగారి దాది జాడీల్లో వాసన

చావు వాసన అనగానే ఎవరైనా ముక్కు మూసుకుంటారు, శవంలో లైసిన్ అనే అమినో ఆమ్లాన్ని బ్యాక్టీరియా విరగ్గొడితే పుట్టే కెడావరిన్ లాంటివే ఆ కంపులో ఉంటాయి. పాత ఈజిప్టు వాళ్లు మాత్రం తమ పెద్దల చావుకి వేరే వాసన తయారుచేసుకున్నారు.

సెనెత్నయ్ అని ఒకావిడ, క్రీ.పూ. 1450 ప్రాంతం, ఫారో (అంటే ఈజిప్టు రాజు) రెండో అమెన్‌హోటెప్‌కి పాలిచ్చి పెంచిన దాది. మమ్మీ చేసేటప్పుడు ఒంట్లోంచి తీసిన అవయవాల్ని జాడీల్లో దాచేవాళ్లు, రాజుల్ని పాతిపెట్టే రాజుల లోయలోనే ఆవిడ జాడీలు పెట్టారంటే ఎంత గౌరవమో చూడండి. 1900లో హోవార్డ్ కార్టర్ (ఔను, తర్వాత టుటన్‌ఖామెన్ సమాధి తవ్వినాయనే) వాటిని బయటికి తీశాడు, రెండు జాడీలు ఇప్పుడు జర్మనీలో హానోవర్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకదాంట్లో ఊపిరితిత్తులు, ఇంకోదాంట్లో కాలేయం పెట్టారు, ఇప్పుడవి లేవు, అడుగున గోడలకి అంటుకున్న మడ్డి మిగిలింది అంతే.

మ్యాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన బార్బరా హ్యూబర్ టీమ్ ఆ మడ్డిని కాస్త గీకి, అందులోని అణువుల్ని విడగొట్టి ఒక్కోదాని బరువు చూసే మెషీన్లలో పెట్టి 2023లో రిజల్ట్స్ చెప్పారు. తేనెమైనం, నూనె, కొవ్వు, తారులాంటి బిట్యుమెన్, పైన్ జాతి చెట్ల జిగురు, వెనిలాలా ఉండే కూమరిన్, మన సాంబ్రాణిలో కూడా ఉండే బెంజోయిక్ ఆమ్లం దొరికాయి. ఊపిరితిత్తుల జాడీలో మాత్రం అదనంగా లార్చ్ చెట్టు జిగురు, దానితోపాటు డామర్ (రోడ్డుకేసే తారు కాదు, ఒక రకం చెట్టు జిగురు) గానీ పిస్తా జాతి చెట్టు జిగురు గానీ ఏదో ఒకటి. డామరే అయితే ఆగ్నేయాసియా అడవుల నుంచి ఈజిప్టు దాకా వచ్చినట్టు, అప్పట్లో ఇంత దూరం సరుకు నడిచిందా అని చరిత్రకారులు మళ్లీ లెక్కలేసుకోవాలి!

సరే, లిస్టు వచ్చింది కదా, అన్నీ కలిపేసి ఆ వాసన మళ్లీ తయారుచేస్తే పోలా అంటారేమో, అలా కుదరదు. ముక్కుకి ముందు తగిలే తేలికపాటి అణువులు మూడున్నర వేల ఏళ్లలో ఎప్పుడో ఎగిరిపోయుంటాయి, మెషీన్‌కి దొరికేది మిగిలిపోయిన బరువైన సరుకే, పైగా ఏది ఎంత పాళ్లలో వేశారో తెలీదు. అక్కడే ఫ్రెంచ్ పెర్‌ఫ్యూమర్ కరోల్ కాల్వేజ్ కావాల్సొచ్చింది. ఆవిడ ముక్కుని నమ్మి పాళ్లు కుదిర్చారు, డెన్మార్క్‌లో మోస్‌గార్డ్ మ్యూజియంకి వచ్చినవాళ్లు దాన్ని వాసన చూసేలా పెట్టారు. నాకైతే ఇది మోసమేం అనిపించదు, కాకపోతే ఇందులో ల్యాబ్ చెప్పింది ఎంత, ఆవిడ ఊహ ఎంత అని పక్కనే ఒక బోర్డు పెడితే బావుంటుంది.