వచ్చేటప్పుడు పల్లమా?

న్యూయార్క్‌లో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన మా మేనత్త అడిగింది, "ఏరా, ఢిల్లీ నుంచి పోయేటప్పుడు దగ్గర దగ్గర 16 గంటలు కూర్చోబెట్టాడు, వచ్చేటప్పుడు 14 గంటలకే దింపేశాడు, వచ్చేటప్పుడు పల్లమా ఏంటి?"

పక్కనున్న ఇంటర్ కుర్రాడు టక్కున "భూమి తిరుగుతుంది కదా అమ్మమ్మా" అన్నాడు. అందరూ చెప్పే జవాబే, పైగా తలకిందులు. భూమి తిరిగేది పడమర నుంచి తూర్పుకి, ఆ లెక్కన న్యూయార్కే మనకి ఎదురు రావాలి, పోవడమే తొందరగా అవ్వాలి. అసలు గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది, రైల్లో పైకి ఎగరేసిన జామకాయ మళ్ళీ మన చేతిలోనే పడ్డట్టు.

నిజానికి అత్తే దగ్గరగా వచ్చింది. రాజమండ్రి నుంచి పాపికొండలకి లాంచీ ఎక్కండి, పోయేటప్పుడు ఏటికి ఎదురు, వచ్చేటప్పుడు వాలు, ఇంజిన్ మోత ఒకటే కానీ గట్టు మీద చెట్లు వెనక్కి పోయే స్పీడే వేరు. పైన 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో అలాంటి గోదారే ఒకటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి 1,670 కిలోమీటర్లు తిరుగుతుంది, 30 డిగ్రీల అక్షాంశం దగ్గర 1,446 మాత్రమే, భూమధ్యరేఖ వైపు నుంచి ఉత్తరానికి వచ్చిన గాలి ఆ పాత ఊపుతోనే వస్తుంది కాబట్టి తూర్పుకి దూసుకుపోతుంది. అంటే కుర్రాడు చెప్పిన భూమి తిరగడం ఉంది, కాకపోతే దొడ్డిదారిన!

ఇప్పుడు లెక్క. 12,000 కిలోమీటర్ల దూరం, గాలిలో విమానం స్పీడు 900, గాలి 100 అనుకోండి. ఎదురుగాలికి 800, అంటే 15 గంటలు. వెనకగాలికి 1,000, అంటే 12 గంటలు. మొత్తం 27. గాలే లేకపోతే? రానూపోనూ 26 గంటల 40 నిమిషాలు! పోగొట్టుకున్నది తిరిగి రాలేదు, ఎందుకంటే ఎదురుగాలి మనల్ని 15 గంటలు పీడిస్తే వెనకగాలి సాయం చేసేది 12 గంటలే. ఇంటర్‌లో పడవ లెక్కలు వందసార్లు చేయిస్తారు గానీ ఈ ముక్క ఒక్కరూ చెప్పరు, నాకిప్పటికీ ఉక్రోషమే.

2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా వాళ్ళు ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీద నుంచి మానేసి పసిఫిక్ మీదుగా, అంటే వెనకగాలి దొరికే తూర్పు వైపుకి, తిప్పారు. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, ముందుకన్నా దాదాపు రెండు గంటలు తక్కువ. దూరం కొలిచేది నేల మీద, విమానం ఈదేది గాలిలో.

ఈసారి ఎక్కినప్పుడు ఎదురు సీటు స్క్రీన్‌లో మ్యాప్ పెట్టుకుని గ్రౌండ్ స్పీడు, అంటే నేల లెక్కన స్పీడు, ఎలా మారుతుందో చూడత్తా అన్నా. "సినిమాలుండగా మ్యాపెవరు చూస్తార్రా" అంది.