మాండొలిన్‌కు ఖరీదైన పిక్: అపోహలు, వాస్తవాలు

మాండొలిన్ పట్టుకుని ఆరు నెలలు తిరిగేసరికి ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, మంచి పిక్ ఏదండీ?" అప్పటికే యూట్యూబ్‌లో ఏదో వీడియో చూసి ఉంటారు. 35 డాలర్ల పైమాట పలికే పిక్ ఒకటి మనసులో పడి ఉంటుంది. తీగలు మీటే వేలిగోరంత బిళ్లకి అంత ధరేమిటని ఇంట్లోవాళ్లు నోరెళ్లబెడతారు. కొనాలా వద్దా అన్న టెన్షన్ నా దగ్గరికి వస్తుంది.

కొనొద్దని నేను చెప్పను. నా దగ్గరా ఉన్నాయి, వాడుతున్నాను కూడా. అయితే ఈ పిక్‌ల గురించి నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికాలో బ్లూగ్రాస్ అనే జానపద శైలి సంగీతం వాయించేవాళ్లు ఇచ్చినవి. వాళ్ల చేతిలోది నాలుగు జంటల ఉక్కు తీగలు గట్టిగా బిగించిన అకౌస్టిక్ మాండొలిన్. మనలో చాలామంది కర్ణాటక సంగీతానికి వాడేది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. పేరు ఒకటే అయినా మీటేచోట ఈ రెండూ ఒకటి కావు. కింద రాసిన అపోహల్లో సగం అక్కణ్నుంచి పుట్టినవే.

అపోహ: ఖరీదైన పిక్ పెడితే నాదం మారిపోతుంది.

కొంత మారుతుంది. అయితే ఆ మార్పు ఎక్కడ వస్తోందో తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

మామూలు అచ్చుపోత పిక్ ఒకటి తీసుకుని అంచు వెంబడి గోరు నడిపించండి. సన్నని గట్టు తగులుతుంది. అచ్చు రెండు సగాలూ కలిసిన అతుకు అది. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి చూస్తే కంటికీ కనిపిస్తుంది. కింది రెండు తీగలు, అంటే మంద్రం వైపు ఉండే చుట్టు తీగల మీద ఆ గట్టు రాసుకున్నప్పుడల్లా 'గీర్' మంటుంది. స్వరం కంటే ముందు ఆ గీరుడే వినపడుతుంది. ప్రీమియం పిక్‌లలో ఆ అంచుని రెండువైపులా వాలుగా చెక్కి, అద్దంలా నునుపు చేసి ఇస్తారు. దీన్నే బెవెల్ అంటున్నారు. నెదర్లాండ్స్‌లో చేతితో తయారయ్యే వెగెన్ పిక్‌లకైనా, డన్‌లప్ వాళ్ల ప్రైమ్‌టోన్‌కైనా మంచిపేరు వచ్చింది ముందు ఈ అంచు వల్లే.

ఈ పని ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఒకటిన్నర మిల్లీమీటర్ల దళసరి పిక్ ఒకటి చవకలో కొనండి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ 600, 1000, 2000 నంబర్లవి తెచ్చుకోండి. కాగితాన్ని బల్ల మీద పరిచి, తీగను ఏ కోణంలో మీటుతారో అదే కోణంలో అంచును ఆనించి కొంచెం నీళ్లతో రుద్దండి. ముందు 600, చివర 2000. ఆఖరున పాత జీన్స్ గుడ్డ మీద పది నిమిషాలు. గోరుకు ఏమీ తగలనంత నునుపైతే చాలు. ఆ పిక్‌తో, ఆ తర్వాత మామూలు పిక్‌తో మంద్రస్థాయిలో సరళీ వరుసలు వాయించి చూడండి. డబ్బు పెట్టి కొనబోయేదాంట్లో ఎంత భాగం మీ చేతిలోనే ఉందో అర్థమవుతుంది.

మిగతా భాగం పదార్థానిది, పట్టుది, ఎన్నాళ్లు మన్నుతుందన్నది. వాటికి డబ్బు పెట్టడం న్యాయమే. స్ట్రోక్ సమంగా పడకపోవడానికి మాత్రం పిక్‌లో మందు లేదు. కింది స్ట్రోక్ బలంగా, పై స్ట్రోక్ పేలవంగా పడే విద్యార్థికి ఏ పిక్ ఇచ్చినా అలాగే పడుతుంది. ఖరీదైన పిక్ ఆ తేడాని ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే.

అపోహ: కొత్తవాళ్లకి పలచటి పిక్ తేలిక.

గిటార్ మీద కార్డ్స్, అంటే కొన్ని స్వరాల్ని కలిపి ఒకేసారి కొట్టేవాళ్ల సలహా ఇది. మాండొలిన్ మీద ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మాండొలిన్ తీగ పొట్టిది, సుమారు 35 సెంటీమీటర్లు. బిగువు ఎక్కువ. అకౌస్టిక్ మాండొలిన్‌లో ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగల్ని ఒక్క దెబ్బలో దాటాలి. అర మిల్లీమీటరు పిక్ మొదటి తీగ దగ్గరే వంగిపోతుంది. అది తేరుకుని రెండో తీగను తాకేసరికి ఆలస్యమవుతుంది. స్వరం ఒకటిగా పలకదు, చీలినట్టుంటుంది. పైగా పిక్ టపటపమన్న శబ్దం స్వరంతోపాటు వస్తుంది. వేగం పెంచేకొద్దీ చెయ్యి బిగుసుకుంటుంది. పిక్ తిరిగి నిటారయ్యేదాకా ఆగడం చేతి వల్ల కాదు మరి. అందుకే జంట తీగలవాళ్లు 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల దాకా, వంగని పిక్‌లు వాడతారు.

దళసరి అంటే గట్టిది అనుకోకండి. జర్మనీలో శాస్త్రీయ మాండొలిన్ వాయించేవాళ్లు రబ్బరులా ఉండే మెత్తని పదార్థంతో బాగా మందంగా చేసిన పిక్‌లు వాడతారు. వాళ్ల నాదం గుండ్రంగా, మొన లేకుండా ఉంటుంది. మందం వేరు, గట్టిదనం వేరు. కొనేముందు రెండూ విడివిడిగా చూసుకోవాలి.

అపోహ: ఫలానా విద్వాంసుడు వాడే పిక్ అయితే మనకూ సరిపోతుంది.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అమెరికాలోని టెనసీలో తయారయ్యే బ్లూచిప్ పిక్‌లకు మాండొలిన్ లోకంలో పెద్ద పేరు. వాటి మోడల్ నంబరు చూస్తే మందం తెలిసిపోతుంది. సీటీ55 అంటే అంగుళంలో వెయ్యింట 55 వంతులు, మన లెక్కలో 1.4 మిల్లీమీటర్లు. అమెరికన్ మాండొలిన్ విద్వాంసుడు క్రిస్ థీలీ పేరు మీద వచ్చింది కనుక సీటీ. థీలీ వాయించేది జంట తీగల అకౌస్టిక్ మాండొలిన్. మైకు ముందు నిలబడి, చెక్క పలకను మోగించి, హాలంతటికీ వినిపించాలి. ఆ పనికి ఆ పిక్ భేషుగ్గా పనికొస్తుంది.

ఇక మన సంగతి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగల పద్ధతి వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టారు. అకౌస్టిక్ మాండొలిన్‌లో స్వరం పుట్టీపుట్టగానే సన్నగిల్లిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి వాళ్లు ట్రెమొలో కొడతారు, అంటే ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ ఉంటారు. మనకు ఆంప్లిఫయర్ ఆ స్వరాన్ని పట్టి ఉంచుతుంది. కనుక ఒక్కసారి మీటి, ఎడమ చేతి వేలిని తీగ మీద జార్చి గమకం పలికించవచ్చు. తోడిలో గాంధారం పలికించేటప్పుడు గమనించండి. మీటు ఒక్కటే, ఆ తర్వాత నడిచేదంతా ఎడమ చేతిది. ఆ ఒక్క మీటులో పిక్ 'టక్' మన్నదంటే తర్వాత ఎంత గొప్ప ఊపు ఇచ్చినా ఆ టక్కే చెవిలో ఉండిపోతుంది. ఆంప్లిఫయర్ దాన్నీ పెంచి వినిపిస్తుంది మరి.

అందుకని ఒంటి తీగల మాండొలిన్‌కు నేను సాధారణంగా 0.9 నుంచి 1.2 మిల్లీమీటర్ల మధ్యవి, కొన గుండ్రంగా ఉండేవి చూడమంటాను. సన్నని తీగలు వేసుకున్నవాళ్లకి ఒకటిన్నర మిల్లీమీటర్ల పిక్ మోటుగా తగులుతుంది. తీగ పక్కకి మరీ ఎక్కువ లాగబడి, శ్రుతి క్షణకాలం పైకి ఎగిరి కిందకి దిగుతుంది. ట్యూనర్ పెట్టుకుని గట్టిగా ఒకసారి, మెల్లగా ఒకసారి మీటి చూస్తే ముల్లు కదలడం కనిపిస్తుంది.

మొన్నామధ్య ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "మాస్టారూ, మా అల్లుడు అమెరికా నుంచి పిక్ తెచ్చాడండీ, మనవడు మాత్రం పాత పిక్కే బాగుందంటున్నాడు. వీడికి విలువ తెలియడం లేదా?" మనవడి చెవి సరిగ్గానే ఉందండీ అని చెప్పాను. కుర్రాడిది ఒంటి తీగల మాండొలిన్, అల్లుడుగారు తెచ్చింది బ్లూగ్రాస్ పిక్.

అపోహ: తాబేటి చిప్పతో చేసిందే అసలు సిసలు పిక్.

పాతకాలంలో వాడేవాళ్లు, నిజమే. ఆ చిప్ప హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలుది. ఆ జాతి ఇప్పుడు తీవ్రమైన ప్రమాదంలో ఉంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం నిషేధించింది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనే ఆ తాబేలు ఉంది. ఎవరైనా "పాత స్టాకు" అంటూ చూపించినా ముట్టుకోవద్దు. ఇందులో చర్చే లేదు.

షాపుల్లో కనిపించే గోధుమరంగు మచ్చల పిక్‌లు తాబేటి చిప్పవి కావు. చాలావరకు సెల్యులాయిడ్. అనుమానముంటే గుడ్డ మీద గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి. పూజగది గుర్తొచ్చేలా కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడే, దాని తయారీలో కర్పూరం వాడతారు. ఇది చాలా త్వరగా అంటుకునే పదార్థం. వేదిక మీద దీపం దగ్గరా, అగరొత్తుల స్టాండు పక్కనా ఈ పిక్‌లు పెట్టకండి.

తాబేటి చిప్ప నాదానికి దగ్గరగా ఉంటాయని కేసీన్ పిక్‌లకి పేరుంది. కేసీన్ అంటే పాలలోని ప్రొటీన్, దాన్ని గట్టిపరచి చేస్తారు. నాదం నిజంగానే తియ్యగా ఉంటుంది. చిక్కల్లా తేమతో. కేసీన్ నీటిని పీల్చుకుంటుంది, వంకర తిరుగుతుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో జూలై నెలలో చెమట పట్టిన చేత్తో రెండు గంటలు వాయించేవాళ్లు దీని మీద డబ్బు పెట్టేముందు ఆలోచించుకోవాలి. వాడితే, కచేరీ కాగానే తుడిచి, రెండు చదునైన వస్తువుల మధ్య బరువు పెట్టి ఉంచండి. చెమటతో తడిసినదాన్ని అలాగే కేసులో పడేస్తే వంకర తిరగడానికి అదే మొదలు.

అపోహ: ప్రీమియం పిక్ జీవితాంతం అరగదు.

అరుగుతుంది, చాలా నెమ్మదిగా. బ్లూచిప్ వాడేది పాలీఇమైడ్ జాతి పదార్థం. యంత్రాల్లో ఎండు రాపిడికి, వేడికి తట్టుకోవాల్సిన బుష్‌లు కూడా ఈ జాతి ప్లాస్టిక్‌తో చేస్తారు. కాబట్టి తీగ మీద సులువుగా జారుతుంది, ఏళ్ల తరబడి అంచు నిలుస్తుంది. నా వేళ్లకైతే చేతి వేడికి కొంచెం అంటిపెట్టుకున్నట్టు కూడా ఉంటుంది. చెమట చేతులవాళ్లకి ఇదొక్కటే కారణంగా కొన్నా తప్పులేదనిపిస్తుంది.

నైలాన్, సెల్యులాయిడ్ పిక్‌లు రోజూ సాధన చేసేవాళ్ల చేతిలో త్వరగా అరుగుతాయి. అంచులో చిన్న చిన్న గాట్లు పడతాయి. గోరు పెట్టి చూస్తే రంపంలా తగులుతుంది. అప్పుడు పడేయండి, లేదంటే ముందు చెప్పిన వాటర్ పేపర్ పట్టండి. ఖరీదైన పిక్‌కి అసలు గండం అరుగుదల కాదు, పోగొట్టుకోవడం. సోఫా సందుల్లో, ఆటోల్లో, చొక్కా జేబుతో సహా వాషింగ్ మెషిన్లో పోతాయి.

అపోహ: మొన ఎంత వాడిగా ఉంటే అంత వేగం.

వేగం మణికట్టులోంచి వస్తుంది. పిక్ బయటికి ఎంత కనబడుతోందన్నది కూడా ముఖ్యం. బొటనవేలికీ, చూపుడువేలి పక్కభాగానికీ మధ్య పట్టుకుని, మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి వదిలితే కొన తీగలోకి లోతుగా దిగదు, చిక్కుకోదు. అమెరికన్ మాండొలిన్ విద్వాంసుడు డేవిడ్ గ్రిస్మన్ పేరుతో ప్రసిద్ధమైన 'డాగ్' పిక్‌కి మూలలే గుండ్రంగా ఉంటాయి, వాడి మొన అన్నదే లేదు. ఆయన వేగానికి అదేం అడ్డు రాలేదు. వాడి మొనతో స్వరం విడివిడిగా, కరుగ్గా పలుకుతుంది. గుండ్రపు మొనతో నిండుగా, కొంచెం మసకగా పలుకుతుంది. అంతే తేడా.

మూడు మూలలూ ఒకేలా ఉండే త్రికోణం పిక్ కొంటే ఒక మూల అరిగాక ఇంకోటి వాడుకోవచ్చు. పెద్దది కనుక చేతిలో తిరిగిపోదు. కొత్తగా ప్రీమియం కొనేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే ఆకారం.

కొనేముందు ఒక పరీక్ష

ముందు మూడు నాలుగు రకాల చవక పిక్‌లు తెచ్చుకోండి: 0.88, 1.0, 1.2, 1.5. ఫోన్‌ని మూడడుగుల దూరంలో పెట్టి రికార్డు చేస్తూ, ఒకే వర్ణం పల్లవిని ఒక్కో పిక్‌తో రెండు కాలాల్లో వాయించండి. ఏ రికార్డింగు ఏ పిక్‌దో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా వరస మార్చి వినిపించమనండి. ఏ మందం నచ్చిందో తేలాక ఆ మందానికి దగ్గర్లో ప్రైమ్‌టోన్ మూడింటి ప్యాకెట్టు కొని రెండు నెలలు వాడండి. అప్పటికీ పట్టు జారుతోందనో, గీరుడు వినిపిస్తోందనో నిర్దిష్టమైన ఫిర్యాదు ఉంటే అప్పుడు బ్లూచిప్ దాకా వెళ్లండి. ఫిర్యాదేమీ లేకపోతే ఆ డబ్బుతో మంచి తీగల సెట్లు కొనుక్కోవచ్చు.

ఒక ముఖ్యమైన సంగతి మిగిలింది. వాలుగా చెక్కిన అంచు చాలా పిక్‌లలో కుడిచేతి వాటానికి తగ్గట్టు ఉంటుంది. ఎడమచేత్తో మీటేవాళ్లకి ఆ వాలు ఎదురు తిరిగి, నునుపు చేసిన చోటు కాకుండా మరో మూల తీగకు తగులుతుంది. ఆర్డరు పెట్టేటప్పుడు ఎడమచేతి బెవెల్ ఉందో లేదో చూసుకోండి, లేదంటే బెవెల్ లేనిదే తీసుకుని మీ కోణానికి తగ్గట్టు మీరే అంచు చేసుకోండి.