పొట్టి రైఫిలా, పొడుగు రైఫిలా: విజయనగరం పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రశ్న చేరింది. వీడియోల్లో చూసిన పొట్టి రైఫిల్, అదే బుల్‌పప్, 10 మీటర్ల షూటింగుకి పనికొస్తుందా, లేక పోటీల్లో పట్టుకునే పొడుగు రైఫిలే కావాలా అని అడిగారు. ఈ రోజుల్లో రెండూ సిలిండరులో గాలి నింపుకుని పేల్చేవే, అంటే పీసీపీ రకమే. మంచి కంపెనీదైతే రెండింట్లోనూ బ్యారెల్, అంటే గుండు వెళ్లే గొట్టం, బాగానే ఉంటుంది. తేడా అంతా ఆ బ్యారెల్ చుట్టూ మిగతా సామాను ఎలా అమర్చారన్న దగ్గరే. అక్కణ్ణించే మొదలెడతాను.

మామూలు రైఫిల్లో ట్రిగ్గర్ వెనకాల ఉన్నదంతా భుజానికి ఆనించుకోవడానికే, దానితో ఇంకో పని లేదు. బుల్‌పప్‌లో ఆ ఖాళీ చోటులోకి యంత్రాన్ని జరిపేశారు. గుండు పెట్టే చోటు, పేల్చే సరంజామా అన్నీ ట్రిగ్గర్ వెనక్కి, మీ చెంప కిందికి వచ్చేస్తాయి. మన సైన్యం ఏళ్ల తరబడి మోసిన ఇన్సాస్ రైఫిల్ పొడవు 960 మిల్లీమీటర్లు, అందులో బ్యారెల్ 464. మన ప్రత్యేక దళాల చేతుల్లో కనిపించే ఇజ్రాయెల్ టేవోర్ బ్యారెల్ దాదాపు అంతే, 460. మొత్తం పొడవు మాత్రం 720. బ్యారెల్ పోగొట్టుకోకుండానే జానెడు పైగా పొడవు తగ్గిపోయింది. ఆస్ట్రియా సైన్యం 1977లో తీసుకున్న స్టయర్ ఆగ్ కూడా అంతే, 508 బ్యారెల్‌ని 790లో ఇమిడ్చారు. జీపులోంచి దూకేవాడికి, ఇరుకు గదుల్లో మలుపు తిరిగేవాడికి ఆ జానెడు ప్రాణంతో సమానం.

మీరు దూకేదీ లేదు, తిరిగేదీ లేదు. కదలకుండా నిలబడి, 10 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉన్న కాగితం మీద పేలుస్తారు. ఆ కాగితం మీద నల్లటి వలయం 30.5 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. దాని నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అమ్మమ్మ అంబలి కాసే చోళ్లలోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకు చూడండి. చుక్క ఆ గింజలో సగం కూడా ఉండదు. ఇక్కడ పొడవు తగ్గితే కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా పొడవు ఊరికే తగ్గదు, ట్రిగ్గర్ దగ్గర కొంత, గురి చూసే సైటు దగ్గర కొంత వదులుకుంటేనే తగ్గుతుంది.

ముందు ట్రిగ్గర్ సంగతి, ఎందుకంటే అన్నిటికంటే ముఖ్యం అదే. పొడుగు మ్యాచ్ రైఫిల్లో, అంటే పోటీ రైఫిల్లో, ట్రిగ్గర్‌కి నేరుగా పైనే పేల్చే కొక్కెం ఉంటుంది. వేలు నొక్కితే మొదట ఖాళీగా కాస్త జారి, ఒకచోట ఆగుతుంది. అది మొదటి దశ. అక్కణ్ణించి ఇంకొంచెం బరువు పడగానే, వేలు కదిలిందని మీకు తెలిసేలోపే పేలిపోతుంది. అది రెండో దశ. ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలని అంతర్జాతీయ నిబంధన. ఎయిర్ రైఫిల్‌కి అలాంటి హద్దు లేదు, కాబట్టి చాలామంది 100 గ్రాముల దరిదాపుల్లో పెట్టుకుంటారు. బుల్‌పప్‌లో ట్రిగ్గర్ ముందు, కొక్కెం ఎక్కడో వెనక. రెండింటినీ పొడవాటి కడ్డీ కలుపుతుంది. తలుపు గడియని చేత్తో తియ్యడానికీ, కిటికీలోంచి కర్ర పెట్టి తియ్యడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే. కడ్డీ రవ్వంత వంగుతుంది, గాడిలో రాసుకుంటుంది, దుమ్ము పడితే పట్టేస్తుంది. రెండు దశల మధ్య ఆ ఆగే చోటు మెత్తబడిపోయి, ఎక్కడ పేలుతుందో వేలికి తెలియదు. తెలియనప్పుడు పిల్లలు ఒక్కసారిగా గుంజుతారు, గుండు పక్కకి పోతుంది. ఖరీదైన బుల్‌పప్‌లలో ఈ లోపం బాగా తగ్గించారు, నిజమే. తగ్గించారు కానీ పూర్తిగా పోలేదు.

ఇక సైటు. ఒలింపిక్ పద్ధతి పోటీల్లో టెలిస్కోపు పెట్టనివ్వరు. వెనక చిన్న కన్నం ఉన్న పీప్ సైటు, ముందు వలయం, అంతే. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే మీ కంటి తప్పు అంత తక్కువగా కాగితం మీద పడుతుంది. లెక్క కట్టి చూడండి. సైట్ల మధ్య 800 మిల్లీమీటర్లుంటే, ముందు సైటు 1 మిల్లీమీటరు తప్పితే కాగితం మీద 12.5 తప్పుతుంది. ఒక్కో వలయం వెడల్పు 2.5 కాబట్టి అయిదు పాయింట్లు పోయినట్టు. అదే 500 మిల్లీమీటర్లే ఉంటే తప్పు 20, పోయేది ఎనిమిది పాయింట్లు. బుల్‌పప్‌లకి చాలావరకు సైట్లే ఇవ్వరు, టెలిస్కోపుకి పట్టా మాత్రం ఇస్తారు. యంత్రం చెంప కింద ఉంటుంది కాబట్టి ఆ టెలిస్కోపు ఎత్తుగా కూర్చుంటుంది, తల ఎత్తి చూడాల్సి వస్తుంది, మెడ నొప్పెడుతుంది. గురి 10 మీటర్లకి సరిచేసి ఉంటే, 5 మీటర్ల దగ్గర గుండు గురి కంటే కిందికి తగులుతుంది. టెలిస్కోపు 4 సెంటీమీటర్ల ఎత్తునుంటే సెంటీమీటరున్నర, ఆరున్నర సెంటీమీటర్ల ఎత్తునుంటే మూడు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. దూరం మారని మీ ఆటకి ఇది పెద్ద సంగతి కాదు గానీ, రకరకాల దూరాల్లో పేల్చేవాళ్లకి ఇదే తలనొప్పి.

బరువు సంగతి అంతగా సాగదియ్యను. నిబంధన ప్రకారం మ్యాచ్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు. దాని బరువు ముందువైపు ఉంటుంది, చివర చిన్న బరువులు తగిలించుకుని సరిచేసుకుంటారు, అందుకే ముందు కొస నెమ్మదిగా ఊగి కుదురుకుంటుంది. బుల్‌పప్ బరువంతా భుజం దగ్గర. ముందు కొస తేలిక, గబగబా తిరుగుతుంది, అంతే గబగబా వణుకుతుంది. బుల్‌పప్‌కి ఒకేసారి చాలా గుళ్లు పట్టే మ్యాగజైన్ ఉంటుంది, పోటీలో మాత్రం ఒక్కో పెల్లెట్, అంటే ఒక్కో గుండు, చేత్తో పెట్టాలి. గుండు పెట్టడానికి లాగే లివర్ చెంప పక్కనే ఉన్న మోడళ్లలో ప్రతిసారీ మొహం ఎత్తాలి, మళ్లీ అదే చోట ఆనించాలి. 60 షాట్లు, ఒక్కోటి 10.9 దాకా, మొత్తం 654 పాయింట్ల ఆటలో మొహం ఆనే చోటు వెంట్రుకవాసి మారినా కాగితం చెప్పేస్తుంది.

చట్టం మాట కూడా వినండి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం క్యాలిబర్, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్ల లోపు, గుండు శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండింట్లో ఏది దాటినా కావాలి. జౌల్స్ మీరే లెక్కగట్టుకోవచ్చు: పెల్లెట్ బరువు గ్రాముల్లో, దాన్ని వేగంతో రెండుసార్లు గుణించి 2000తో భాగించాలి. మ్యాచ్ పెల్లెట్ 0.53 గ్రాములు, వేగం సెకనుకి 175 మీటర్లు, వచ్చేది సుమారు 8 జౌల్స్. బుల్‌పప్‌లు ఎక్కువగా 5.5 మిల్లీమీటర్లలో వస్తాయి. ఒక గ్రాము పెల్లెట్‌ని 270 మీటర్ల వేగంతో పంపేదైతే 36 జౌల్స్ దాటుతుంది. "ఎయిర్ గన్నే కదా" అని అమ్మేవాడు అన్నా సరే, బిల్లు మీద క్యాలిబరూ శక్తీ రాయించుకోకుండా నాన్నని డబ్బు ఇవ్వనివ్వకండి.

ఏది కొన్నా గాలి మాత్రం ఒకటే, మన జిల్లాల్లో ఎక్కువ రైఫిళ్లు పాడయ్యేదీ అక్కడే. బైకు టైరులో గాలి పీడనం సుమారు 2 బార్లుంటుంది, ఈ సిలిండరులో 200. పంచరు షాపు కంప్రెసరుతో ఇది అయ్యే పని కాదు. గ్యాసు షాపులో ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ నింపించకండి, అంత పీడనం దగ్గర చుక్క నూనె తగిలినా మండి పేలిపోతుంది. మామూలు గాలి నింపినా లోపలి వాషర్లకి సిలికాన్ గ్రీజే వాడాలి, కుట్టు మిషను నూనె పనికిరాదు. నింపడం నెమ్మదిగా జరగాలి. గబగబా నింపితే సిలిండరు వేడెక్కి మీటరు 200 చూపిస్తుంది, చల్లారాక 185కి దిగుతుంది, పిల్లలు లీకనుకుని కంగారు పడతారు. 30 డిగ్రీల దగ్గర 200 నింపి ఎండలో కారులో వదిలేస్తే, లోపల 60 డిగ్రీలైనప్పుడు అది 220 అవుతుంది. కాబట్టి 190 దగ్గర ఆపడం మేలు.

కళింగపట్నం, భీమిలి వైపు గాలిలో తేమా ఉప్పూ రెండూ ఎక్కువ. చేతి పంపుతో కొట్టేటప్పుడు ఆ తేమంతా సిలిండరులోకి పోతుంది. పంపుకి తేమ పీల్చే ఫిల్టరు ఉండి తీరాలి. అందులోని నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే మార్చెయ్యాలి. అయిదు నిమిషాలు కొట్టి, పంపు చల్లారేదాకా ఆగి, అడుగు మర విప్పి నీటి చెమ్మ వదిలేసి మళ్లీ కొట్టాలి. లోపల చెమ్మ చేరితే రెగ్యులేటరు పాడవుతుంది. రెగ్యులేటరంటే 200 బార్లని ఎప్పుడూ ఒకే తక్కువ పీడనానికి దించి ఇచ్చే భాగం. అది పాడైనప్పుడు కనిపించే గుర్తు ఇది: రైఫిల్‌ని పది నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ పేలిస్తే మొదటి గుండు మాత్రం పైకి పోతుంది, తర్వాతవి మామూలుగా పడతాయి. గుళ్లన్నీ వరసగా కిందికి జారుతుంటే మాత్రం సిలిండరులో గాలి అయిపోవస్తోందని అర్థం. సిలిండరు మీద తయారీ తేదీ ఉంటుంది, కంపెనీ చెప్పిన గడువు దాటింది పోటీలో ఒప్పుకోరు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు అది చదవండి.

అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో రైఫిల్‌ని స్పాంజి పెట్టెలో మూసి ఉంచకండి. స్పాంజి చెమ్మ పట్టుకుని, నాలుగు రోజుల్లో బ్యారెల్ మీద ఎర్ర చుక్కలు తెప్పిస్తుంది. ఇంటికి రాగానే బయటికి తీసి, చేతి చెమట తగిలిన చోటల్లా పలచగా నూనె గుడ్డతో తుడవండి. ఆ నూనె బయటికే, లోపలికి కాదు.

చిన్నది అడిగింది కదా, పైడితల్లమ్మ పండక్కి బెలూన్లు పేల్చే తుపాకీతో నేర్చుకోకూడదా అని. అది స్ప్రింగ్ రైఫిల్, బ్యారెల్ వంచి బిగిస్తారు. నేర్చుకోవచ్చు, కొన్ని వేలల్లో వస్తుంది, మ్యాచ్ రైఫిల్ దిగుమతిదైతే లక్ష దాటేస్తుంది. కానీ దాని స్వభావం వేరు. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, గుండు ఇంకా బ్యారెల్లో ఉండగానే రైఫిల్ కుదుపుతుంది. బిగించి పట్టుకుంటే ప్రతిసారీ ఒక్కో చోట తగులుతుంది, అరచేతి మీద తేలిగ్గా ఆనించాలి. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చకూడదు, పిస్టన్ గోడకి కొట్టుకుని పాడవుతుంది. మ్యాచ్ పీసీపీల్లో ఉత్తినే నొక్కి సాధన చేసే ఏర్పాటు ఉంటుంది, రోజుకి యాభై సార్లు అలా నొక్కినా పైసా ఖర్చు లేదు. స్ప్రింగ్ రైఫిల్లో పెల్లెట్ పెట్టేటప్పుడు వంచిన బ్యారెల్‌ని ఒక చెయ్యి వదలకుండా పట్టుకోవాలి. జారితే వేళ్లు నలుగుతాయి.

కాబట్టి నా మాట ఇది. పోటీలకి వెళ్లాలనుంటే పొడుగు మ్యాచ్ రైఫిలే, బుల్‌పప్ వద్దు. కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే క్లబ్బు రైఫిల్‌తో ఏడాది గడపండి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే, 2012లో లండన్‌లో గగన్ నారంగ్ కంచు తెచ్చిందీ ఇందులోనే.

కొనేముందు చెయ్యాల్సినవి కొన్ని. మోచెయ్యి మడిచి రైఫిల్ వెనక భాగం మోచేతి మడతలో ఆనించండి, చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ని అందుకోవాలి. సాయంత్రం మీటరు చూసి రాసుకుని, పొద్దున్న మళ్లీ చూడండి. 5 బార్లకి మించి తగ్గితే అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగ ఎక్కడొస్తుందో తెలుస్తుంది. పెల్లెట్లు తల సైజుల్లో 4.49, 4.50, 4.51 అని దొరుకుతాయి. బల్ల మీద ఆనించి ఒక్కో సైజుతో అయిదేసి గుళ్లు, మూడేసి కాగితాల మీద పేల్చండి. ఒక కాగితం అదృష్టం కావచ్చు, మూడు కావు. మంచి రైఫిలైతే అయిదూ పెల్లెట్ కంటే కాస్తే పెద్దదైన ఒకే రంధ్రంలో పోతాయి. పెల్లెట్లు సీసం, నోట్లో పెట్టుకోవద్దు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. కళ్లద్దాలు లేకుండా ఎవరూ గీత దగ్గరికి రాకూడదు. రైఫిల్ కింద పెట్టేముందు, లోపల గుండు లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్ దారం బ్యారెల్లో ఆ చివర నుంచి ఈ చివరకి కనిపించాలి. పేల్చే దిక్కున ఇనుప రేకు నిటారుగా పెట్టకండి, గుండు వెనక్కి వస్తుంది. 45 డిగ్రీలు కిందికి వంచి, అడుగున పాత గుడ్డలు కుక్కిన పెట్టె చాలు. పిట్టల జోలికి వెళ్లొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

పెద్దోడి మోచెయ్యి నుంచి వేలి కణుపు దాకా కొలత, ఆ తొమ్మిది కాగితాలూ కవరులో పెట్టి పంపండి. ఏ సైజు పెల్లెట్ తీసుకోవాలో, భుజానికి ఆనే స్టాక్ ఎంత పొడవు పెట్టాలో చూసి రాస్తాను.

మీ తాతయ్య