పుట్టినప్పటి బరువు గురించి మీరు అడిగిన ప్రశ్న

ప్రియమైన పిల్లలూ,

మొన్న మీలో ఒకరు నన్ను పక్కకు పిలిచి, "తాతయ్యా, నేను పుట్టినప్పుడు రెండు కిలోలే ఉన్నానట. అలా పుట్టినవాళ్ళకి పెద్దయ్యాక గుండెజబ్బు వస్తుందని చదివాను, నిజమేనా?" అని అడిగారు. ముఖంలో టెన్షన్ కనిపించింది. ఇన్నేళ్ళు పిల్లల డాక్టరుగా పనిచేసినవాణ్ణి, సగం సగం చెప్పి భయపెట్టడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు ఆనించి చూడండి. టక్‌టక్‌మని తగులుతోందా? గుండె ముడుచుకున్నప్పుడల్లా రక్తం అలలా వచ్చి నాళాన్ని కాస్త ఉబ్బిస్తుంది. మరుక్షణం నాళం మళ్ళీ సర్దుకుంటుంది. రోజుకు సుమారు లక్షసార్లు ఇదే పని. అలా సాగి వెనక్కి రావడానికి నాళం గోడలో ఎలాస్టిన్ అనే సాగే పీచు ఉంటుంది.

ఆ పీచు సంగతి నాకు ఇప్పటికీ అబ్బురమే. చర్మం గీసుకుపోతే కొత్తది వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. పెద్ద ధమనుల్లోని ఎలాస్టిన్ మాత్రం చాలావరకు అమ్మ కడుపులో ఉన్న చివరి నెలల్లో, పుట్టిన తర్వాత తొలి ఏళ్ళలో తయారవుతుంది. ఆ తర్వాత శరీరం కొత్తగా చేసేది చాలా తక్కువ. ఉన్నదానితోనే జీవితమంతా నెట్టుకురావాలి. వయసుతోపాటు అది అరిగి, నాళాలు బిరుసెక్కుతాయి. మొదట్లోనే తక్కువ పడితే ఆ బిరుసు త్వరగా రావచ్చని శాస్త్రవేత్తల ఆలోచన.

తక్కువ ఎందుకు పడుతుంది? కడుపులో బిడ్డకు అన్నీ మాయ (ప్లాసెంటా) నుంచి, బొడ్డుతాడు గుండా అందుతాయి. అవి చాలకపోతే బిడ్డ శరీరం మెదడుకు లోటు రానివ్వకుండా మిగతా అవయవాలకు రక్తం తగ్గిస్తుంది. మూత్రపిండాల్లో రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు కూడా దాదాపు 36 వారాలకే తయారైపోతాయి, ఆ తర్వాత కొత్తవి రావు. అవి తక్కువగా ఉన్నవాళ్ళకు పెద్దయ్యాక బీపీ పెరిగే వీలు ఎక్కువ.

ఇదంతా బయటపడటానికి కొన్ని పాత రిజిస్టర్లు సాయం చేశాయి. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి నర్సులు ఇళ్ళకు వెళ్ళి, బిడ్డ పుట్టినప్పటి బరువూ ఏడాది నిండేనాటి బరువూ రాసిపెట్టేవారు. చాలా ఏళ్ళ తర్వాత డేవిడ్ బార్కర్ అనే వైద్యుడి బృందం ఆ పుస్తకాలను వెతికి పట్టుకుంది. అక్కడ 1911–1930 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్ళ వివరాలు చూస్తే, పుట్టినప్పుడూ ఏడాదికీ బరువు తక్కువగా ఉన్నవాళ్ళలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని 1989లో తేలింది. ఆ అంకెలు రాసిన నర్సులకు అవి ఇంతదూరం వస్తాయని తెలియదు. ఓపికగా రాసిన ప్రతి అంకె మీద నాకు గౌరవం.

పుట్టిన తర్వాత ఎలా పెరిగామన్నదీ అంతే ముఖ్యం. చిన్నగా పుట్టిన బిడ్డ మొదటి రెండేళ్ళలో బాగా ఎదగడం మంచిదే. కానీ ఫిన్లాండులోని హెల్సింకిలో పుట్టినవాళ్ళను గమనిస్తే, పెద్దయ్యాక గుండెజబ్బు వచ్చినవాళ్ళు చాలామంది చిన్నగా పుట్టి, రెండేళ్ళకు బక్కగా ఉండి, ఆ తర్వాత పదకొండేళ్ళ లోపు ఎత్తుకు మించి గబగబా బరువెక్కినవాళ్ళు.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. ఇవన్నీ వేలమందిని కలిపి చూసిన లెక్కలు. ఒక్కరి సంగతి వాటితో చెప్పలేం. రెండు కిలోలతో పుట్టి, ముసలితనం దాకా మంచి గుండెతో బతికినవాళ్ళు ఎందరో. ఇంకో మాట. ఈ ఉత్తరం చదివి అమ్మ దగ్గరికి వెళ్ళి "నువ్వు సరిగ్గా తినలేదా?" అని మాత్రం అడగొద్దు. నెలలు నిండకపోవడం, కవలలు కావడం, మాయ సరిగ్గా పనిచేయకపోవడం, ఇలా ఎన్నో కారణాలుంటాయి. అందులో అమ్మ తప్పేమీ లేదు.

నీ చేతిలో ఉన్నవీ ఉన్నాయి. రోజుకో గంట చెమట పట్టేలా ఆడు. పొగ జోలికి పోవద్దు. ఏడాదికోసారి బీపీ చూపించుకో, మూడేళ్ళు దాటిన పిల్లలందరికీ చూడాల్సిందే. చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ నీ చేతికి సరిపోయేదేనా అని అడుగు. అది చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది, పెద్దదైతే తక్కువ చూపిస్తుంది. డాక్టరుగారికి నీ పుట్టినప్పటి బరువు కూడా చెప్పు, ఫైల్లో రాసుకుంటారు.

ప్రేమతో,
మీ తాతయ్య