ఉల్క చారలో గాలి జాడ: రేడియోతో ఉల్కల పరిశోధన ఎలా మొదలైంది

చుక్క రాలిందని మనం చెప్పుకునే మెరుపు చాలాసార్లు ఇసుక రేణువంత శకలం పని. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి, నేలకు సుమారు 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తున అది కాలి ఆవిరైపోతుంది. వెలుగు క్షణంలో ఆరిపోయినా, ఎలక్ట్రాన్లూ అయాన్లూ నిండిన సన్నని చార ఒకటి వెనుక మిగులుతుంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2013లో నెలకొల్పిన ఉల్కా రాడార్ వెతికేది ఆ చారలనే. వాటి కదలికను బట్టి ఆ ఎత్తున వీచే గాలి వేగాన్నీ దిశనూ లెక్కగడతారు.

బెలూన్లు అంత పైకి పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి నిలవలేవు, పరిశోధక రాకెట్లు కొద్ది నిమిషాల్లో దాటిపోతాయి. అందుకే ఆ పొర గురించి తెలుసుకోవడానికి ఉల్కల మీద ఆధారపడవలసి వచ్చింది.

ఉల్కలు అంత ఎత్తున కాలతాయన్న సంగతి 1798లో తేలింది. జర్మనీలోని గోటింగెన్ విద్యార్థులు బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ ఒకరికొకరు దూరంగా నిలబడి, ఒకే ఉల్కను ఇద్దరూ చూసి, కోణాల తేడాతో ఎత్తు లెక్కగట్టారు. 1833 నవంబరులో అమెరికా మీద కురిసిన ఉల్కావర్షమంతా సింహరాశిలోని ఒకే చోటు నుంచి వెలువడుతున్నట్టు కనిపించడం, 1866లో షియాపరెల్లి పర్సీడ్ ఉల్కలకూ ఒక తోకచుక్కకూ చుట్టరికం చూపడం తర్వాతి మెట్లు. అయినా పగలూ, మబ్బూ, వెన్నెలా అడ్డొస్తే పరిశీలన ఆగిపోయేది.

ఆ అడ్డు తొలగించింది రేడియో. 1933 నవంబరులో సింహరాశి ఉల్కల వేళ కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా, ఆయన సహచరులు అయనావరణంలో (వాతావరణం పైభాగాన అయాన్లు నిండిన పొరలో) విద్యుదావేశం పెరగడాన్ని గమనించి, మరుసటి ఏడాది ప్రకటించారు. నన్ను మరింతగా ఆకట్టుకునేది 1941 నాటి పరిశీలన. ఆలిండియా రేడియోలో పనిచేసే చమన్‌లాల్, వెంకటరామన్‌లకు ఢిల్లీలో షార్ట్‌వేవ్ ప్రసారం వింటుండగా, పై స్థాయి నుంచి చప్పున కిందికి జారే ఈలలు వినిపించాయి. నేరుగా వచ్చిన తరంగమూ, ఉల్కకు తగిలి తిరిగొచ్చిన తరంగమూ కలిసినప్పుడు వాటి పౌనఃపున్యాల తేడాయే చెవికి ఈలగా తోస్తుందనీ, ఉల్క మన దిశగా వచ్చే వేగం తగ్గేకొద్దీ ఆ స్వరం దిగుతుందనీ వారు వివరించారు. రేడియో రిసీవరు ముందు కూర్చుని, గోలగా కొట్టిపారేయదగిన శబ్దంలో డాప్లర్ సూత్రాన్ని పసిగట్టిన ఆ ఇద్దరికీ మన పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కవలసి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో బ్రిటన్ రాడార్లు జర్మన్ వీ-2 రాకెట్ల కోసం కాచుకుని ఉండగా, రాకెట్లు లేనప్పుడు కూడా ప్రతిధ్వనులు (తగిలి తిరిగొచ్చే రేడియో తరంగాలు) వచ్చేవి. జేమ్స్ హే బృందం వాటిని ఉల్కలతో ముడిపెట్టింది. ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ పరిశోధన కేంద్రంలో బెర్నార్డ్ లోవెల్ బృందం 1946 అక్టోబరు నాటి జియాకోబినిడ్ ఉల్కావర్షాన్ని రాడార్‌తో పట్టుకున్నాక సందేహానికి తావు లేకపోయింది. చార రేడియో కిరణానికి అడ్డంగా, లంబంగా ఉన్నప్పుడే ప్రతిధ్వని గట్టిగా వస్తుందన్నది ఇక్కడి కీలకం. ఆ చార గాలికి కొట్టుకుపోతే ప్రతిధ్వని పౌనఃపున్యం స్వల్పంగా మారుతుంది. ఈ మార్పుతో గాలిని కొలవవచ్చని 1950లో స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన మానింగ్, విలార్డ్, పీటర్సన్ చూపించారు. అంతకుముందు ఉల్కను తెలుసుకోవడానికి గాలిపొర ఒక ఆటంకంలా ఉండేది. ఇప్పుడు గాలిపొరను తెలుసుకోవడానికి ఉల్కే పనిముట్టయింది.

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీరామారావు, ఆయన సహచరులు 1960లలోనే జెమినిడ్ ఉల్కలను రేడియో ప్రతిధ్వనులతో లెక్కించారు. తర్వాత తిరుపతికి చేరువలోని గాదంకిలో 53 మెగాహెర్ట్‌జ్ రాడార్ వచ్చింది. అది వాతావరణ పరిశోధనకు కట్టినదైనా ఉల్కల అధ్యయనానికీ పనికొచ్చింది. తిరుపతి రాడార్ మాత్రం మొదటి నుంచీ ఉల్కల కోసమే.

ఈ రాడార్లకు తెల్లవారుజామున ప్రతిధ్వనులు ఎక్కువ, సాయంత్రం తక్కువ. సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సాగే భూమికి తెల్లవారుజామున మనమున్న వైపు ముందుభాగమవుతుంది కనుక ఎదురొచ్చే శకలాలన్నీ తగులుతాయి. అందువల్ల సాయంత్రపు గాలి లెక్కకు చారలు తక్కువై, ఒక్కో అంచనాలో పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. సూర్యుని చురుకుదనం పెరిగి తగ్గే 11 ఏళ్ల చక్రంతో పాటు పై గాలులు ఎలా మారతాయో చెప్పాలంటే కనీసం అంతకాలం ఎడతెగని నమోదు కావాలి.