వెల్లంపల్లికి ముందు పదకొండేళ్లు

ప్రకాశం జిల్లా పల్లెటూళ్లలోని బాప్టిస్టు సంఘాల పుట్టుక గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. ధాత కరువులో తిండిగింజల కోసమే మాదిగపల్లెలు మతం మారాయన్నది ఆ ఆక్షేపణ. దానికి ఆధారంగా చూపేది 1878 జూలై 3వ తేదీని. ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు 1876లో మొదలై 1878 దాకా సాగింది కనుక, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆ మాట నిజమేననిపిస్తుంది. కానీ ఈ ప్రాంతంలో పల్లె సంఘం కరువుకు తొమ్మిదేళ్ల ముందే పుట్టింది. అది ఎవరి వల్ల, ఏ షరతుల మీద పుట్టిందో తెలియకుండా వెల్లంపల్లి గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అమెరికన్ బాప్టిస్టు మిషను తెలుగువారి మధ్య పని మొదలుపెట్టింది 1836లో. దాని తొలి మిషనరీ శామ్యూల్ డే తీరాంధ్రలోనూ మద్రాసులోనూ కొన్నేళ్లు గడిపి 1840లో నెల్లూరు చేరారు. ఆ తరువాత పాతికేళ్లకు కూడా చెప్పుకోదగిన ఫలితం లేదు. నెల్లూరు పనిని మూసివేద్దామన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. పటం మీద ఒక్క చుక్కగా మిగిలిన ఆ మిషనుకు 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు కూడా ఆ చర్చల్లోనే వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే నెల్లూరు మిషనరీ లైమన్ జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలులోని కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ బోధకుడిగా అమెరికా నుంచి వచ్చిన జాన్ ఎవెరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడేనాటికి దాని సభ్యులు ఎనిమిది మంది.

పల్లె సంఘం కథ మాత్రం ఒంగోలు బంగళాలో మొదలుకాలేదు. ఒంగోలుకు పడమటగా ఉన్న తలకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఉండేవాడు. తోళ్ల వర్తకం ఆయన వృత్తి. అంతకన్నా ముఖ్యంగా ఆయన ఒక గురువమ్మ దగ్గర ఉపదేశం పొంది రాజయోగం సాధన చేసినవాడు, తన చుట్టూ శిష్యులు ఉన్నవాడు. వర్తకం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు క్రీస్తును గురించి విని, చాలాకాలం మనసులో పెట్టుకొని, చివరకు 1866లో భార్య నాగమ్మతో కలిసి జువెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అప్పటికి క్లౌ ఒంగోలుకు రానేలేదు. పేరయ్య తన ఊరికి తిరిగి వెళ్లి, చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగి, అంతకుముందు యోగం చెప్పిన బంధువులకూ శిష్యులకూ ఇప్పుడు ఈ కొత్త మాట చెప్పాడు. గురువు ఊరికి రావడం, ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి వినడం, ఆయనకు ఇంత పెట్టి పంపడం మాదిగపల్లెకు తెలియని పద్ధతి కాదు. ఆ తరువాతి కాలంలో బోధకులు నడిచింది ఆ దారినే.

1867 జనవరిలో క్లౌ తలకొండపాడు చేరి ఒక చింతతోపులో డేరా వేశారు. పేరయ్య కబురందుకొన్న పల్లెల నుంచి ముప్పై నలభై మంది వచ్చారు. వచ్చినవారు తమ తిండి తామే మూటగట్టుకొని, కప్పుకోవడానికి దుప్పట్లు తెచ్చుకొని వచ్చారు. అయిదు రోజులు ఆ తోపులోనే ఉండి, విని, అడిగి, ప్రార్థించి, చివరకు 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ మూటల సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. గింజల కోసం మారారన్న మాట వచ్చినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చేది మాత్రం ఆ మూటలే.

బాప్టిస్టుల పద్ధతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వారు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకొన్నవారిని మాత్రమే నీటిలో ముంచి సంఘంలో చేర్చుకొంటారు. కాబట్టి కుటుంబ పెద్ద మారినంత మాత్రాన ఇల్లంతా సభ్యులు కాలేదు. ప్రతి ఒక్కరినీ విడిగా ప్రశ్నించవలసి వచ్చేది. ఒంగోలు పల్లెల్లో ఆ ప్రశ్నలకు మూడు నియమాలు తోడయ్యాయి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

ఈ మూడూ కేవలం మత నియమాలుగా కనిపిస్తాయి గానీ, నిజానికి ఇవి ఊరి కట్టుబాటునే తాకాయి. రైతు గొడ్డు చనిపోతే మాదిగ దాన్ని తీసుకుపోవాలి. ఆ తోలుతో చెప్పులూ మోట బొక్కెనలూ కుట్టి ఇవ్వాలి. కోతల్లో, నూర్పిళ్లలో పిలిచినప్పుడు రావాలి. గ్రామదేవత జాతరకు డప్పు కొట్టాలి. ఇందుకు బదులుగా కళ్లంలో ఇంత ధాన్యం దొరికేది. ఆ ఏర్పాటులో వారానికో రోజు రానని చెప్పడం, జాతరలో డప్పు ముట్టనని చెప్పడం మాదిగ నోట అంతవరకు ఎవరూ వినని మాటలు. చాలా ఊళ్లలో కొత్త క్రైస్తవులను పనికి పిలవడం మానేశారు, కొట్టారు, అబద్ధపు కేసులు పెట్టారు, నీళ్ల దగ్గరకు రానివ్వలేదు. అంటే కరువుకు ముందు సంఘంలో చేరినవాడు చేతిలో ఉన్న గింజలను పోగొట్టుకొనే ప్రమాదానికి సిద్ధపడి చేరాడు.

క్లౌ దొరకూ ఒక పరీక్ష ఎదురయింది. ఒంగోలులో ఆయన పెట్టిన బడికి అగ్రవర్ణాల పిల్లలు వచ్చేవారు. మాదిగలను చేర్చుకొంటే తమ పిల్లలను పంపబోమని వారి పెద్దలు చెప్పారు. ఆ రోజు తానూ తన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఒకటవ అధ్యాయంలోని 26 నుంచి 29 వచనాలే కనిపించాయని క్లౌ తరువాత చెప్పుకొన్నారు. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పే వచనాలవి. అగ్రవర్ణాల పిల్లలు వెళ్లిపోయారు, మాదిగలు వచ్చారు. పల్లె సంఘం ఈనాటికీ ఎక్కువగా మాదిగపల్లెలోనే ఉండడానికి ఆ రోజు తీసుకొన్న నిర్ణయం ఒక కారణం.

ఆ తరువాత కరువు వచ్చింది. వానలు లేక, పంటలు పోయి, మద్రాసు రాజధాని అంతటా లక్షలాది మంది చనిపోయిన కాలమది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుండగా, యువకుడిగా సర్వే పని నేర్చిన క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకొని రాజుపాలెం వద్ద శిబిరం నడిపారు. బోధకులే మేస్త్రీలయ్యారు. తట్ట మోసినవారికి కూలి దొరికింది. పని చేయించేవారు తిట్టకుండా, కొట్టకుండా కూలి లెక్కగా ఇవ్వడం అక్కడికి వచ్చిన పేదలకు కొత్త అనుభవం. సాయంత్రాల్లో ఆ మేస్త్రీలే వాక్యం చెప్పారు. ఆకలి ఎందరినో ఆ శిబిరానికి చేర్చిందనీ, అక్కడి మంచితనం వారి మనసులను మార్చిందనీ ఒప్పుకోవడానికి సంకోచించవలసిన పని లేదు. అయితే ఆ నెలల్లో బాప్తిస్మం అడిగిన వేలమందికి క్లౌ ఇవ్వలేదు. సాయం కోసం వచ్చారన్న మాట రాకూడదని 1877 మార్చి నుంచి పదిహేను నెలలపాటు ఒక్క బాప్తిస్మమైనా జరగలేదు.

1878 జూన్‌లో ఆ తలుపు తెరిచారు. గుండ్లకమ్మ వెల్లంపల్లి వద్ద అందుకు అనుకూలంగా ఉంది. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. నీటిలో దిగి ముంచినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కో విడతకు ఇద్దరేసి చొప్పున మార్చుకొంటూ పని జరిపారు. ఏ పల్లె నుంచి ఎవరు వచ్చారో, వారి నడత ఏమిటో తెలిసినవారు, వారి కోసం పదేళ్లుగా ఆ పల్లెల్లో తిరిగినవారు బోధకులే. జూలై 3న క్లౌ తన చేతులతో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

1883 ఆరంభానికి ఒంగోలు సంఘంలో 20,865 మంది సభ్యులున్నారు. అంతమంది ఒక గుడిలో చేరడం అసాధ్యం. వారు వందలాది పల్లెల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. కాబట్టి సంఘం నిజంగా నడిచింది పల్లెలోనే. 1872లో రామాయపట్నంలో మొదలైన వేదాంత పాఠశాల బోధకులను తయారుచేసింది. మూడు నెలలకొకసారి వారు ఒంగోలులో కూడి లెక్కలూ వార్తలూ చెప్పుకొనేవారు. పల్లెలో వివాదాలు తీర్చే పని పాత మాదిగ పంచాయతీ పద్ధతిలోనే పెద్దల చేతిలో ఉండేది. కళ్లంలో గురువుకు కొలిచిన గింజలు ఇప్పుడు బోధకుడికి కొలిచారు. కొన్ని పల్లెలకు బడి కూడా బోధకుడితోనే వచ్చింది. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడే నాటికి ఆ పల్లె గుడులకు మూడు నాలుగు తరాల చరిత్ర ఉంది.

మతం మారి లాభపడ్డారన్న ఆక్షేపణకు తరువాతి చట్టం కూడా ఒక జవాబు చెబుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. తలకొండపాడు చింతతోపులో సొంత మూటలు విప్పుకొని తిన్నవారి మునిమనుమలు క్రైస్తవులమని రాయించుకొంటే ఆంధ్రప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతుల సి వర్గం కిందికి వస్తారు. ఆ వర్గానికి ఉన్న రిజర్వేషను ఒక్క శాతం.